ఆ మాటకు అర్థం చెప్పండి, మంత్రిగారూ

గౌరవనీయులైన కేంద్ర మంత్రిగారికి నమస్కారాలు.

ఇది మీకు నేను రాస్తున్న నాలుగో ఉత్తరం. మొదటి మూడూ అందాయో లేదో కూడా ఎవరూ చెప్పలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మళ్లీ అదే అడుగుతున్నాను. సభల్లో, టీవీ చర్చల్లో మీరూ మీ సహచరులూ వాడే ‘యాంటీ నేషనల్’ అనే మాటకు అర్థం ఏ చట్టంలో ఉంది? 2021 డిసెంబరులో లోక్‌సభలో ఈ ప్రశ్నే వస్తే, చట్టాల్లో దానికి నిర్వచనం లేదని హోం శాఖ జవాబిచ్చింది. ఎమర్జెన్సీలో, 1976లో, 31డి అధికరణంతో అది రాజ్యాంగంలోకి వచ్చిందనీ, తర్వాత తీసేశారనీ ఆ జవాబులోనే ఉంది. ‘తుక్డే తుక్డే గ్యాంగ్’ (దేశాన్ని ముక్కలు చేసే ముఠా) అనే మరో ముద్ర గురించి సమాచార హక్కు కింద అడిగినవాళ్లకు తమ దగ్గర సమాచారమే లేదని 2020 జనవరిలో చెప్పింది కూడా ఆ శాఖే. ఫైల్లో లేని మాట మైకులోకి ఎలా వస్తోంది సార్?

మా తమ్ముడి సంగతి మూడు ఉత్తరాల్లోనూ రాశాను. మంజూరైన రోడ్డు పని ఎందుకు ఆగిందని వాడు ఒక సమావేశంలో అడిగాడు. ‘నువ్వు యాంటీ నేషనల్‌వి’ అన్నారు. అంతే, రోడ్డు మాట పక్కకు పోయింది, వాడి దేశభక్తి మీద పంచాయితీ మొదలైంది. దొంగ అని ఉంటే ఏం దొంగిలించానో చూపించమనేవాడు. లంచం తిన్నావంటే ఎవరి దగ్గర, ఎంత అని నిలదీసేవాడు. ఈ మాటకు ఏం చూపించమని అడగాలి? ఏ సాక్ష్యం తెచ్చి కాదని నిరూపించుకోవాలి? ఆ టెన్షన్‌లో వాడికి నెలల తరబడి నిద్ర లేదు.

వాడూ ఊరుకోలేదు. ఎదుటివాళ్లందరినీ ‘ఫాసిస్టులు’ అన్నాడు. అది తప్పని వాడి మొహం మీదే చెప్పాను. వేరే పార్టీకి ఓటేసినంత మాత్రాన పక్కింటి మనిషి ఫాసిస్టు అయిపోడు. ప్రతిపక్షాల పెద్దలు కూడా ఈ ముక్క చదవాలి. మా నాన్నగారి సంవత్సరీకం నాడు తమ్ముడు ఒక గదిలో, మా బావ ఇంకో గదిలో భోంచేశారు. అమ్మ రెండు గదులకూ తిరుగుతూ వడ్డించింది.

చట్టంలో రాసిన మాటకే హద్దు తెలియకపోతే చెల్లదు కదండీ. ‘చికాకు’, ‘అసౌకర్యం’ లాంటి మాటలు మరీ అస్పష్టంగా ఉన్నాయనే కదా 2015లో సుప్రీంకోర్టు, ఆన్‌లైన్‌లో పెట్టే మాటలకు శిక్ష వేసే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను కొట్టేసింది!

చేతులు జోడించి అడుగుతున్నాను. ఎవరినైనా ఆ మాట అనేముందు ఏ మనిషి, ఏం చేశాడు, ఏ సెక్షన్ కిందికి వస్తుంది, ఈ మూడూ చెప్పండి. నేరమే అయితే కేసు పెట్టండి, కోర్టు తేలుస్తుంది. కాకపోతే దయచేసి అనకండి. మీ పార్టీ ప్రతినిధులకూ చెప్పండి.

మా తమ్ముడు అడిగిన రోడ్డు పని ఇంకా ఆగే ఉంది. ఈ ఉత్తరానికి కాకపోయినా, కనీసం దానికైనా జవాబు ఇప్పించండి.

ఇట్లు,
ఒక ఓటరు