రోబో బొమ్మల కొత్త ధర, 'సేమ్ ఇలాంటిదే' ఆర్డర్ల సంగతి

అందరికీ నమస్కారం. పాత ఇంటి సామాన్లు బిగించి మేం చేసే రోబో బొమ్మల ధర వచ్చే నెల ఒకటో తారీకు నుంచి పెంచుతున్నాం. అడుగు ఎత్తు బొమ్మ ఇప్పటిదాకా 2,800 రూపాయలు, ఇక నుంచి 3,400. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత ధరే.

కారణం ముఖ్యంగా ఇత్తడి. మీరు ఏరికోరి అడిగేవన్నీ ఇత్తడివే: జంతికల గొట్టం పొట్ట, పంపు స్టవ్ ట్యాంకు తల, పాత కుళాయిల చేతులు. ఇత్తడిలో మూడింట రెండొంతులు రాగే. రాగి రేటు కదిలితే పాత సామాన్ల కొట్టులో జంతికల గొట్టం రేటూ కదులుతుంది. సొట్టపడినా, పిడి ఊడినా కాటాకు అదంతా అనవసరం. ఎర్రగడ్డ ఆదివారం సంతలో బేరమాడొచ్చు కదా అంటారు. ఆడుతూనే ఉన్నాం. కాకపోతే ఈమధ్య అక్కడ కూడా చిలుము పట్టిన ప్రతిదీ 'యాంటిక్' అయిపోయింది.

రెండోది కూలీ. వెల్డింగ్ పెట్టేస్తే గంటలో అయిపోయేదానికి ఇంతా అని కొందరు అడిగారు. తెనాలిలో ఇనుప తుక్కుతో చేసే నిలువెత్తు విగ్రహాలకు వెల్డింగ్ సరిపోతుంది, అక్కడ అంతా ఇనుమే. మా బొమ్మలో క్యారియర్ గిన్నె అల్యూమినియం, స్ప్రింగు ఇనుము, మెడ ఇత్తడి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది, ఇనుముకు 1,500 దాటాలి. ఆ రెండూ మామూలు వెల్డింగ్‌లో అతకవు. ఇత్తడి మరీ పేచీకోరు. అందులోని జింకు 907 డిగ్రీల దగ్గర మరిగి పొగై లేస్తుంది, అది పీల్చినవాడికి రాత్రికి చలిజ్వరం. అందుకని ప్రతి కీలుకూ కన్నం వేసి, నట్టుతోనో రివెట్టుతోనో బిగిస్తాం. నట్టు బిగించడం అరనిమిషం పనే. అది బయటికి కనపడకుండా, మోచెయ్యి మాత్రం తిరిగేలా బిగించాలంటే ఒక పూట పోతుంది.

ఇక ఫొటో పంపి 'సేమ్ ఇలాంటిదే కావాలి' అనే ఆర్డర్లు ఇకపై తీసుకోం. మొహం మేం అనుకుని పెట్టేది కాదు. పాత నల్ల స్విచ్చు కొన్ని దిక్కుల నుంచి చూస్తే ఆశ్చర్యపోయినట్టుంటుంది, కుక్కర్ మూత ఎలా తిప్పినా మూతలాగే ఉంటుంది. దొరికిన సామానును బట్టే మొహం. కళ్లు రెండూ ఒకే సైజులో పెట్టమని కూడా అడుగుతున్నారు. పెడతాం గానీ నాకు నచ్చదు, బొమ్మ డ్యూటీలో ఉన్నట్టుంటుంది.

మీ ఇంట్లో పాత సామాన్లు తెచ్చిస్తే ఇత్తడి ఖర్చు మిగులుతుంది కాబట్టి ధర తగ్గిస్తాం. కానీ ఇంట్లో అందరికీ చెప్పి తీసుకురండి. ఒకాయన నాయనమ్మ గారి మరచెంబు తెచ్చారు. రెండో రోజు ఆవిడే ఆటోలో వచ్చారు. అప్పటికి కన్నం వెయ్యలేదు కాబట్టి సరిపోయింది, వేస్తే ఇక అందులో నీళ్లు నిలవవు. బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, పాత టీవీ పిక్చర్ ట్యూబులు మాత్రం తేవద్దు. సీసం, పాదరసం ఉన్నవి మా షెడ్డులో విప్పం. గోడకున్న కరెంటు మీటరు అసలే వద్దు, అది మీది కాదు, డిపార్ట్‌మెంటుది.

పేరుకు బొమ్మలే గానీ చిన్నపిల్లల చేతికివ్వకండి. అంచులు ఎంత అరగదీసినా రేకు రేకే, పాత పెయింటులో సీసం ఉండొచ్చు. బీరువా మీదో టీవీ పక్కనో పెట్టుకోండి.

సంక్రాంతి బొమ్మల కొలువులో పెట్టుకోవాలనుకునేవాళ్లు మెట్టు వెడల్పు కొలిచి కార్తీకమాసం అయ్యేలోపు చెప్పండి. ధనుర్మాసంలో చెబితే బొమ్మ చేతికొచ్చేది కనుమ వెళ్లాకే.