63వ కార్డులో జవాబు సరిచేయండి

హైదరాబాద్,
జనవరి 19.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీ తెలుగు అంతరిక్ష క్విజ్ పెట్టెలో 63వ కార్డు జవాబు తప్పు.

నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో పిల్లలు ఆడుకుంటారని కోఠిలో 499 రూపాయలు పెట్టి మీ క్విజ్ పెట్టె కొన్నాను. భోగి రోజు రాత్రి చిక్కడపల్లిలో మా ఇంట్లో అందరం చాప మీద కూర్చుని ఆడాం. మా అక్క కొడుక్కి 63వ కార్డు వచ్చింది. స్టార్ ట్రెక్ అనే అమెరికన్ అంతరిక్ష టీవీ సీరియల్ మీద, అందులో ఓడలు నడిపే స్టార్‌ఫ్లీట్ మీద ప్రశ్న. ‘స్టార్ ట్రెక్‌లో స్టార్‌ఫ్లీట్ అంటే ఏమిటి? అ. అన్వేషణ సంస్థ, ఆ. సైన్యం.’ వాడు వెంటనే ‘అ’ అన్నాడు. కార్డు వెనక ‘ఆ’ అని ఉంది. తప్పు చెబితే 2 పాయింట్లు కోత. ఆ రెండింటి తేడాతోనే ఓడిపోయాడు. “కాదు మామయ్యా, నేను చూశాను కదా” అంటూ కార్డు వదలకుండా కూర్చున్నాడు. పట్టుకున్న చోట మూల నలిగిపోయింది. వాడికి పన్నెండేళ్లు. వాడు చెప్పిందే సరైనది.

1966లో మొదలైన తొలి స్టార్ ట్రెక్ సీరియల్‌లో ఎపిసోడ్ మొదట్లో కెప్టెన్ కర్క్ చెప్పే మాటలు ఒకసారి వినండి. ఆయన అంతరిక్ష ఓడకి అప్పగించిన పని ఐదేళ్ల ప్రయాణం: కొత్త లోకాలు చూడడం, కొత్త ప్రాణుల్ని, నాగరికతల్ని వెతకడం. అందులో యుద్ధం ఊసే లేదు. తర్వాత తీసిన స్టార్ ట్రెక్ సీరియల్‌లో, 1989లో వచ్చిన ఎపిసోడ్‌లో కెప్టెన్ పికార్డ్ ఇంకా సూటిగా, స్టార్‌ఫ్లీట్ సైనిక సంస్థ కాదు, అన్వేషణే మా పని అంటాడు.

మీ జవాబుకీ ఆధారాలున్నాయి, కాదనను. ర్యాంకులున్నాయి, కోర్టు మార్షల్ ఉంది, ఓడల్లో ఫోటాన్ టార్పెడోలనే ఆయుధాలున్నాయి. వుల్ఫ్ 359 అనే నక్షత్రం దగ్గర బోర్గ్ అనే శత్రుజాతిని ఆపబోయి 39 ఓడలు పోగొట్టుకున్నారు. డొమినియన్ అనే శత్రు సామ్రాజ్యంతో జరిగిన యుద్ధంలో ముందు నిలబడిందీ వాళ్లే. 1967 ఎపిసోడ్‌లో కర్క్ తనని తాను సైనికుణ్ణనే చెప్పుకుంటాడు. కానీ ఇవన్నీ మీదికి ఎవరైనా వచ్చినప్పటి మాట. ఆ ఓడలు బయల్దేరేది ఎవరూ చూడని చోటు చూడడానికి.

యూనిఫాం ఉంటే సైన్యమే అనుకుంటే మన రాకేశ్ శర్మ సంగతేమిటి? ఇక్కడి నిజాం కాలేజీలో చదివిన మనిషి, వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్. 1984 ఏప్రిల్‌లో సోవియట్ అంతరిక్ష కేంద్రం సల్యూట్ 7కి వెళ్లి పైనుంచి మన దేశాన్ని ఫొటోలు తీశారు, ప్రయోగాలు చేశారు. ఆయన యుద్ధానికి వెళ్లొచ్చారని పిల్లలకి చెబుతామా? డార్విన్ ఎక్కిన బీగిల్ కూడా బ్రిటిష్ నౌకాదళం ఓడే. 1831లో సర్వే పని మీద బయల్దేరింది.

మీ కస్టమర్ కేర్ చాట్‌లో రెండుసార్లు అడిగాను. “మా జవాబులు ఎక్స్‌పర్టులు చెక్ చేశారు” అని ఒకే లైన్ రెండుసార్లూ పంపారు. నేను చెప్పిన ఎపిసోడ్ల గురించి ఒక్క మాట లేదు. నాకు డబ్బు వాపసు వద్దు. ఈ పెట్టె కొన్న ఇళ్లలో ఇంకెంతమంది పిల్లలు సరైన జవాబు చెప్పి పాయింట్లు పోగొట్టుకుంటున్నారో అన్నదే నా బాధ.

కొత్త ముద్రణలో ఆ కార్డు జవాబు ‘అ’గా మార్చండి. పక్కనే, అవసరమైతే పోరాడుతుంది అని ఒక వాక్యం చేర్చండి. సరిచేసిన కార్డు ఒకటి బిల్లు మీది అడ్రసుకి, మా మేనల్లుడి పేరు మీద పంపండి. బిల్లు కాపీ, కార్డు రెండు వైపులా తీసిన ఫొటోలు జత చేశాను. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కావాలి.

ఇట్లు,
మీ కస్టమర్,
చిక్కడపల్లి.