పాత కారు పైకప్పు కోయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈ మధ్య పాత ఫియట్లు, పద్మినీల పైకప్పు కోసేసి ఓపెన్ టాప్ అని అమ్ముతున్నారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది. ఆ కారుకి విడిగా ఛాసిస్, అంటే కింద బరువు మోసే ఇనుప చట్రం, ఉండదు, బాడీయే దాని బలం, పైకప్పు కూడా అందులో భాగమే, అది తీసేస్తే గుంతల రోడ్డు మీద బాడీ వంగుతుంది, తలుపులు సరిగా పడవు. 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ సంగతి వేరు. దానికి కింద వేరే ఛాసిస్ ఉంది, పైకప్పును బోల్టులతో బిగించారు, అందుకే ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ వాళ్లు అదే కారును కన్వర్టిబుల్‌గా, అంటే పైకప్పు మడిచి తెరుచుకునేలా, కూడా అమ్మగలిగారు. ఇటలీ కార్ల డిజైనర్ మిషెలోట్టి గీసిన డిజైన్ అది. మడ్‌గార్డులతో సహా ముందుకి తెరుచుకునే ఆ బానెట్ ఎంత చూసినా నాకు తనివి తీరదు.

ఇంకో మాట. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ బండ్లకిచ్చే ‘వీఏ’ రిజిస్ట్రేషన్ నంబరు కావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలోనే ఉండాలి. కోసిన కారుకి ఆ నంబరు ఎలా వస్తుంది? కొనేవాళ్లకి ఈ విషయం చెప్పేవాళ్లే లేరు. మీ ఆదివారం పేజీలో ఒకసారి వివరంగా రాయండి, అడ్వాన్స్ ఇచ్చే ముందే నలుగురికీ తెలుస్తుంది.

– ఒక పాత కార్ల అభిమాని, హైదరాబాద్