పేచీ పెట్టేది పిల్లలొక్కరేనా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అన్నం తినని పిల్లల గురించి వేసిన పేజీ చదివాను. క్యారెట్‌ని నక్షత్రాల్లా కోయమన్నారు, పాలకూర రుబ్బి దోసెల పిండిలో కలిపేయమన్నారు, బీట్‌రూట్‌తో గులాబీ రంగు ఇడ్లీలు వెయ్యమన్నారు. చూడ్డానికి బాగానే ఉన్నాయి. కానీ పొద్దున్న ఏడున్నరకల్లా స్కూల్ ఆటో వచ్చి హారన్ కొట్టే ఇంట్లో ఈ నక్షత్రాలు కొయ్యడం ఎవరి పనండీ? పేజీ నిండా తల్లులు, తల్లులు అనే ఉంది, తండ్రి అన్న మాట వెతికినా కనిపించలేదు. సరే, అది పాత గోలే, దానికోసమే ఈ ఉత్తరం రాయట్లేదు.

నేను చెప్పాలనుకున్నదేంటంటే, మన ఇళ్లలో తిండి దగ్గర ముందు పేచీ మొదలుపెట్టేది పెద్దవాళ్లు. మీ చుట్టాల్లోనే ఒకసారి చూడండి. ఒకాయన బీరకాయ ముట్టడు, ఇంకొకాయనకి పొద్దున వండిన కూర రాత్రి కంచంలో కనిపించకూడదు, మామగారికి వేపుడు లేకపోతే ముద్ద దిగదు, ఆడపడుచుకి వంకాయ పేరు చెబితేనే దురద. వీళ్లలో ఒక్కర్ని కూడా మనం 'ఏమీ తినడండీ' అని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లం. 'ఆయనకి పడదమ్మా' అని చాలా గౌరవంగా చెప్పుకుని పక్క పొయ్యి మీద ఇంకో కూర పడేస్తాం. అదే మూడేళ్ల పిల్ల కాకరకాయ వద్దని మొహం తిప్పుకుంటే అది మొండితనం, గారాబం, తల్లి పెంపకం! నాన్నగారు కంచంలోంచి కరివేపాకూ టమాటా తొక్కా ఏరి అంచున పేరుస్తుంటే రోజూ ఎదురుగా కూర్చుని చూసే పిల్లకి మనం ఏ నోటితో చెబుతాం, అన్నీ తినాలమ్మా అని?

పిల్లలు తిండి తగ్గించడానికి వాళ్ల శరీరంలోనే ఒక కారణం ఉంది, అది మీ పేజీలో రాలేదు. మూడు కేజీలతో పుట్టిన బిడ్డ మొదటి పుట్టినరోజుకి దాదాపు తొమ్మిది కేజీలవుతుంది, అంటే మూడింతలు. ఆ తర్వాత ఏడాదంతా కలిపి పెరిగేది రెండు, రెండున్నర కేజీలే. ఎదుగుదల వేగం తగ్గింది కాబట్టి ఆకలీ తగ్గుతుంది, నిరుడు గిన్నెడు తిన్న పిల్లాడు ఇప్పుడు నాలుగు ముద్దలతో లేచిపోతాడు. సరిగ్గా అప్పుడే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. దానికి తోడు రెండేళ్ల నుంచి అయిదారేళ్ల దాకా కొత్త తిండి అంటే పిల్లలకి ఒక రకమైన బెదురు ఉంటుంది, ఇది అన్ని దేశాల పిల్లల్లోనూ ఉన్నదే. ఒక కూర అలవాటవ్వాలంటే పది పదిహేనుసార్లు వాళ్ల కళ్ల ముందుకి రావాలి, తినకపోయినా సరే, కంచంలో కొంచెం ఉండాలి, పక్కవాళ్లు తింటుంటే చూడాలి. మనమేమో రెండుసార్లు పెట్టి 'మావాడు ఆకుకూర తినడండీ' అని వాడి ముందే వీధంతా చెప్పేస్తాం. అలా చెప్పాక వాడు మాత్రం ఎందుకు తింటాడు, అది వాడి గుర్తింపు అయిపోయింది.

ఇక మనం వేసే మందులు. బూచోడొస్తాడని బెదిరించడం, ముక్కు మూసి నోట్లో కుక్కడం, కూర తింటే చాక్లెట్ అని లంచం. లంచం పని చేసినట్టే ఉంటుంది, కానీ పిల్లకి అర్థమయ్యేది ఒక్కటే: లంచమిచ్చి మరీ తినిపిస్తున్నారంటే ఈ కూర అంత చెడ్డదన్నమాట. అన్నిటికంటే ఫోను. ఫోన్ చూపిస్తే గిన్నె ఖాళీ అవుతుంది, నిజమే. కానీ ఆ పిల్లకి తను తిన్నది పప్పో పెరుగో తెలీదు, కడుపు నిండిన సంగతీ తెలీదు. ముద్ద బుగ్గన పెట్టుకుని అరగంట కూర్చునే పిల్లల్లో ఎంతమంది ఫోన్ ముందు తింటున్నవాళ్లో మీ పాఠకులే చెప్పగలరు. ఏడాది వయసు పిల్లలకి అసలు స్క్రీన్ వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మూడు పూటలా ఫోన్ చూపిస్తూ తినిపించే ఇంట్లో ఆ గంట మధ్యాహ్నం భోజనానికే అయిపోతుంది.

అదే సంస్థ ఇంకో మాట కూడా చెబుతుంది: ఏడాది నిండేసరికి చాలామంది పిల్లలు ఇంట్లో అందరూ తినే తిండే తినగలరు. కానీ మన దగ్గర రెండేళ్లొచ్చినా అన్నం పప్పు మిక్సీలో మెత్తగా తిప్పి పెట్టేవాళ్లున్నారు, గొంతుకి అడ్డం పడుతుందని భయం. నమలడం ఎప్పుడు నేర్చుకోవాలి మరి? కారం వెయ్యకముందు వాళ్లకి కొంచెం తీసి పెడితే చాలు, వేరే వంట అక్కర్లేదు.

ఎలిన్ శాటర్ అని అమెరికాలో ఒక పోషకాహార నిపుణురాలు ఉన్నారు. ఆవిడ చెప్పింది చాలా సింపుల్. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అనేది పెద్దవాళ్ల ఇష్టం. తినాలా వద్దా, ఎంత తినాలి అనేది పిల్లల ఇష్టం. మొదటిసారి విన్నప్పుడు మా అత్తయ్యగారు 'అంటే పిల్లాణ్ణి ఎండబెడతారా' అన్నారు. ఎవరూ ఎండబెట్టలేదు. అసలు ఈ పద్ధతి మన భోజనానికే బాగా కుదురుతుంది, ఎందుకంటే మన పూటలో పప్పు, కూర, చారు, పెరుగు ఉంటాయి, పేద ఇంట్లో అయితే అందులో రెండైనా ఉంటాయి. పిల్లాడు కూర వద్దంటే వద్దు, పప్పులో నెయ్యి వేసుకుని తింటాడు, లేదా పెరుగన్నం తిని లేస్తాడు. ఆ పూటకి అంతే. వాడి కోసం లేచి నూడుల్స్ ఉడకబెట్టకూడదు, 'ఏం తిన్నావని' మొహం మాడ్చుకోనూకూడదు. మావాడు చాలాకాలం గుడ్డు, పెరుగన్నం మీదే బతికాడు. దొండకాయ వేపుడు ఇప్పుడు వాడే వడ్డించుకుంటున్నాడు, కాకరకాయ ఇప్పటికీ ముట్టడు, ముట్టకపోతే పోయె.

ఈ పద్ధతి నడవాలంటే మధ్యలో చిరుతిళ్లకి పగ్గం వెయ్యాలి. పన్నెండింటికి బిస్కెట్ ప్యాకెట్, దానిమీద ఓ గ్లాసు పాలు తాగిన పిల్లకి ఒంటిగంటకి ఆకలి ఎక్కణ్ణుంచి వస్తుంది? అన్నం తినట్లేదు కదా పాలైనా తాగనీ అని రోజుకి లీటరు పట్టేవాళ్లున్నారు. పాలల్లో ఇనుము దాదాపు ఉండదు, కడుపు నిండిపోయి మిగతా తిండి తగ్గుతుంది, రక్తం తగ్గుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. దీనికి చాలా కారణాలున్నాయి, పేదరికమూ ఉంది, కానీ డబ్బున్న ఇళ్లలో పాల గ్లాసు పాత్ర కూడా తక్కువేం కాదు. పాలల్లో కలిపే పొడుల సంగతైతే, వాటిని 'హెల్త్ డ్రింక్స్' పేరుతో చూపించొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖే ఆన్‌లైన్ అమ్మకాల సైట్లకి చెప్పాల్సొచ్చింది. ఆ ప్రకటనలు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి.

నేను ప్రభుత్వ బడిలో టీచర్ని. మా మధ్యాహ్న భోజనం దగ్గరికి ఒకసారి వచ్చి చూడాలి మీరు. ఇంట్లో ఏమీ తినడని తల్లి కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లాడు వరసలో కూర్చుని పక్కవాడితో పోటీపడి సాంబారన్నం తింటాడు. గుడ్డులో పచ్చసొన నచ్చని పిల్ల అది పక్కదానికిచ్చి దాని తెల్లసొన పుచ్చుకుంటుంది, ఇద్దరికీ లాభం. అక్కడ ఎవరూ బతిమాలరు, ఎవరి కంచంలోకీ ఎవరూ గుడ్లురిమి చూడరు. ఇంట్లోనేమో పిల్లకి ముందు విడిగా తినిపించేసి, ఆయన టీవీ ముందు, ఆవిడ చివర్లో వంటింట్లో నిలబడి తింటారు. నలుగురూ కలిసి కూర్చునే పూట రోజుకి ఒక్కటైనా లేకపోతే పిల్ల ఎవర్ని చూసి నేర్చుకుంటుంది?

అందరు పిల్లలదీ ఒకటే కథని నేననను. బరువు తగ్గుతున్నా, ముద్ద మింగేటప్పుడు ఉక్కిరిబిక్కిరవుతున్నా, రోజూ కక్కుతున్నా, ఎంతకాలమైనా నాలుగైదు రకాల తిండి దాటకపోయినా అది పేచీ అనుకుని వదిలెయ్యకూడదు, పిల్లల డాక్టరుకి చూపించాలి. ఆటిజం ఉన్న కొందరు పిల్లలకి మెత్తగా జారే తిండి నోట్లో పెడితేనే భరించలేనంత ఇబ్బంది, వాళ్లని కొట్టి లాభం లేదు. మిగతావాళ్ల విషయంలో టీకాల కార్డులో ఉండే ఎదుగుదల చార్టు చూసుకోండి. అంగన్‌వాడీలో బరువు తూచి చుక్క పెడతారు. ఆ చుక్కలు ఆకుపచ్చ పట్టీలో ఉండి పైకి వెళుతుంటే పక్కింటి బొద్దు పిల్లాడితో పోలిక మానెయ్యొచ్చు. చుట్టాలు రాగానే 'బక్కచిక్కిపోయాడేంటి' అంటారు చూడండి, వాళ్లకి కూడా ఆ కార్డే చూపించాలి.

మీకు ఒక్క విన్నపం. ఈసారి ఇలాంటి పేజీ వేసినప్పుడు నక్షత్రాల క్యారెట్లు కాస్త తగ్గించి, మన హైదరాబాద్ తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లని అడిగి, మూడేళ్ల పిల్లకి ఒక పూటకి నిజంగా ఎంత అన్నం, ఎంత పప్పు, ఎంత కూర సరిపోతుందో గరిటెల లెక్కన వెయ్యండి. సగం ఇళ్లలో గొడవ ఆ కొలత తెలియకే. దాని పక్కనే నాన్నలకి కూడా ఒక చిన్న పెట్టె కేటాయించండి: బీరకాయ కూర మొహం చిట్లించకుండా తినడం ఎలా అని.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి