చింత మొక్కకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మొక్కలు నాటే కార్యక్రమం ఎక్కడ జరిగినా త్వరగా పెరిగే పూల మొక్కలకే పెద్దపీట వేస్తున్నారు. చింత పేరెత్తితే ‘కాపుకి ఎన్నేళ్లు ఆగాలి’ అంటారు. గింజ నాటితే 7 నుంచి 10 ఏళ్లు పట్టే మాట నిజమే. కానీ అంటు మొక్క 4, 5 ఏళ్లకే కాపుకొస్తుంది. చెట్టుకీ చెట్టుకీ 10 మీటర్ల ఎడం ఉంచి, మొదటి రెండు మూడేళ్లు నీళ్లు పోస్తే చాలు. తల్లివేరు లోతుకు దిగాక వానలు లేకపోయినా తట్టుకుంటుంది. నీళ్లు నిలిచే నేల మాత్రం దానికి పడదు.

ఇంకో మాట. కాయలు కోయడానికి కర్రలతో బాదకండి, లేత కొమ్మలు విరిగి మరుసటి ఏడు కాపు తగ్గుతుంది. పండిన కాయను వేలితో తడితే డొల్లగా మోగుతుంది, పెంకు గుజ్జును వదిలేస్తుంది. అలాంటివే కోయాలి.

గింజల్నీ పారేయకండి. వాటి పొడిని నూలుకు గంజిగా వాడతారు. గుజ్జులోని టార్టారిక్ ఆమ్లం రాగి, ఇత్తడి పాత్రల చిలుమును వదలగొడుతుంది. చేవ దేలిన కలప రోకళ్లకూ పనిముట్ల పిడులకూ పనికొస్తుంది.

నూరేళ్లు దాటి నీడనిచ్చే చెట్టు ఇది. ఈసారి నాటే మొక్కల జాబితాలో చింతను తప్పక చేర్చమని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక చింత రైతు