ఆ ఫైర్‌మన్ అన్నకి థ్యాంక్స్

మొన్న రాత్రి గుంటూరు బ్రాడీపేటలో మా వంటింట్లో గ్యాస్ పైపు అంటుకుంటే 101కి ఫోన్ చేశాం, మా లైన్లో రెండు వైపులా బళ్లే కదా, ఫైరింజన్ మలుపు దగ్గరే ఆగిపోయింది, అప్పుడు మీరు గోనెసంచి తడిపి పట్టుకుని పరిగెత్తుకొచ్చి మంట మీద కప్పేసి రెగ్యులేటర్ ఆఫ్ చేశారన్నా. మా అమ్మ కాళ్లు వణికిపోతుంటే "ఏం కాలేదు పిన్నిగారూ, కూర్చోండి" అని కుర్చీ కూడా మీరే వేశారు. పేరడిగితే చెప్పలేదు.

మంటలార్పాలంటే నలుగురు నీళ్ల పైపు పట్టుకుంటే చాలనుకునేదాన్ని ఇన్నాళ్లూ. కాదంట. అక్కడ లీడింగ్ ఫైర్‌మన్ చెప్పినట్టు మిగతావాళ్లు నడుచుకోవాలి, డ్రైవర్ ఆపరేటర్ బండి తోలడమే కాదు పంపు కూడా ఆయనే చూస్కోవాలి, అందుకే ఆయన బండి వదిలి రాలేదు, మీ అందరి పైన స్టేషన్ ఫైర్ ఆఫీసరు. కాల్ వస్తే తింటున్న అన్నం అలాగే వదిలేసి బండెక్కాలి కదా, మీ చొక్కా మీద పప్పు మరక ఇంకా తడిగానే ఉంది, నేను చూశా. అది తల్చుకుంటే ఇప్పటికీ కళ్లల్లో నీళ్లొస్తున్నాయి.

డ్యూటీ లేని రోజు చూసుకుని మా ఇంటికి భోజనానికి రండన్నా, వదినగారినీ పిల్లల్నీ తీసుకుని. అమ్మ రోజూ అడుగుతోంది.