బీపీ అంకె రాసుకుంటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

బీపీ మాత్రల కోసం మూడేళ్లుగా ఒకే ఆసుపత్రికి వెళ్తున్న మా అమ్మ చీటీలన్నీ ఈమధ్య తేదీల వారీగా పేర్చి చూశాను. వరుసగా నాలుగు నెలలు బీపీ 160/100 దగ్గరే ఉన్నా ప్రతిసారీ అంకె శ్రద్ధగా వేసి, దాని కింద అదే మాత్ర, అదే మోతాదు రాశారు. డాక్టరు గారిని నిందించలేను. వరండా నిండా రోగులు వేచి ఉండగా కిందటి నెల అంకె గుర్తుపెట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకే గుర్తుచేసే ఏర్పాటు ఉండాలి.

మన ఏఎన్ఎంల చేతిలో ఇప్పటికే ట్యాబులున్నాయి. వరుసగా రెండుసార్లు 140/90 దాటిన రోగి వచ్చినప్పుడు డాక్టరు తెరపై ఎర్ర గుర్తు పడి, మాత్రలు సరిగా వేసుకుంటున్నారా, మోతాదు పెంచాలా, మరో మందు కలపాలా అని అడగాలి. గడువు దాటినా మాత్రలకు రాని వారి పేర్లు ఆశా కార్యకర్తకు చేరాలి. 2017లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో రానివారిని గుర్తించి పిలిపించే పద్ధతి ఉన్నదే. అయితే రోగిని అయిదు నిమిషాలు కూర్చోబెట్టి సరిగా కొలవకపోతే హెచ్చరికలు తప్పుగా వస్తాయి, అవి ఎక్కువైతే ఎవరూ పట్టించుకోరు.

ఇక రోగికి చెప్పాల్సింది చాలా ఉంది. తలనొప్పి వచ్చిన రోజే అమ్మ మాత్ర వేసుకునేదని, మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్లలు వాడుతోందని నాకే ఆలస్యంగా తెలిసింది. బీపీ చాలామందిలో ఏ లక్షణమూ చూపదనీ, కొన్ని నొప్పి బిళ్లలు దాన్ని పెంచుతాయనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. రోజుకు అయిదు గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచాకు మించని ఉప్పు చాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, ఎండుచేపలూ ఆవకాయా లేనిదే ముద్ద దిగని మన నెల్లూరు ఇళ్లలో గోడ మీది పోస్టరుతో ఎక్కదు. వంట చేసేవారితో కూర్చుని మాట్లాడాలి.

జిల్లా వైద్యాధికారులు ముందుగా ఒక్క ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా ఈ ఏర్పాటు మొదలుపెట్టాలనీ, ప్రతి చీటీ మీదా బీపీ అంకె పక్కనే ‘140/90 లోపు ఉండాలి’ అని పెద్ద తెలుగు అక్షరాల్లో ముద్రించాలనీ కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, ఆత్మకూరు, నెల్లూరు జిల్లా